ఆకురాయి అడగని రోజు

సారు ఇంకా రాలేదు. వియ్యంకుణ్ణి రైలెక్కించడానికి కాజీపేట పోయారు, రైలు లేటట, ఎంత లేటో ఎవరికీ తెలియదు, సరుకు తీసుకుపోయే ట్రాలీ ఆటో మాత్రం రెండింటికి ఠంచనుగా వస్తుంది. ఇప్పుడు ఒంటిగంటా పది. ఆయన గది బయట బల్ల మీద కూర్చున్నాను. ఒళ్లో చున్నీ కింద ఒక స్టార్టర్ డబ్బా ఉంది, పొద్దున నేను చింపి చూసిన డబ్బా, దాని అంచు తొడకు గుచ్చుకుంటోంది, అయినా కదపడం లేదు. సార్, మంగళవారం నేను చేసిన డబ్బాలు పంపొద్దు. ఇంతే చెప్పాలి. ఆరు మాటలు. పొద్దుటి నుంచి ఆ ఆరు మాటలను లోపల తిప్పుతూనే ఉన్నాను, తిప్పిన కొద్దీ అవి నా మాటల్లా కాకుండా ఎవరో నల్లబల్ల మీద రాసిపోయిన వాక్యంలా అయిపోతున్నాయి. రేకుల మీద వాన పడుతోంది. అన్నాల వేళ కాబట్టి మిషన్లన్నీ ఆపేశారు, షెడ్డు వెనక నుంచి గిన్నెల మూతల చప్పుడు, లేతు మిషను రమాకాంత్ నవ్వు వినబడుతున్నాయి. గేటు పక్కన అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. నర్సంపేటకు పోయేవి. వాటి వైపు చూడకూడదనుకుంటాను, చూస్తాను.

బడిలో కూడా ఇంతే. లెక్కల సారు ప్రశ్న అడిగితే నాకు జవాబు తెలిసేది, తెలిసిన జవాబు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చునేది, ఇంకెవరో తప్పు చెప్పి దెబ్బలు తినేవాళ్లు, నేను సరైన జవాబును నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకునేదాన్ని. డైరీ అలాగే మొదలైంది. చెప్పని మాటలన్నీ అందులోకి పోయేవి. దాని వల్ల ఎవరికీ నష్టం జరగలేదు కాబట్టి అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు. ఊళ్లో మెచ్చుకునేవారు కూడా, తిరుమల నోట్లో నాలుక లేని పిల్ల, బుద్ధిమంతురాలు అని. ఆ మెప్పు నాకు ఇష్టంగానే ఉండేది.

ఈ డబ్బా పొలం మోటర్లకు పెట్టేది. జింకు, అల్యూమినియం కలిపి కరిగించి పోత పోస్తారు, బూడిద రంగులో చల్లగా, చూడ్డానికి కనిపించేదానికంటే బరువుగా ఉంటుంది. లోపల ఒక మూలన బొటనవేలంత రేకు, అదీ అదే లోహం, దానికి ఎర్తింగు వైరు బిగిస్తారు. ఎక్కడైనా వైరు ఒరుసుకుని డబ్బాకు కరెంటు వస్తే ఆ రేకు మీదుగా భూమిలోకి పోవాలి, మనిషిలోకి కాదు. ఆ రేకును డబ్బాకు అతికించడం నా పని. ఇదివరకు స్క్రూలు బిగించేవారట, తుప్పు పట్టి ఊడుతున్నాయని సారు ఈ స్పాట్ వెల్డింగ్ మిషను తెచ్చారు. పైన ఒక రాగి మొన, కింద ఒక రాగి మొన, పెడలు తొక్కితే రెండూ వచ్చి రేకునూ డబ్బానూ కలిపి అదిమి పట్టుకుంటాయి, రెప్పపాటులో కరెంటు పోతుంది, లోహాలు రెండూ తాకిన చోట లోపలే కరిగి ఒకటవుతాయి. బయటికి ఒక గుండ్రటి మచ్చ తప్ప ఏమీ కనబడదు. ఐటీఐలో ఇనుము మీద నేర్చుకున్నాను. ఇనుము మంచిది, చెప్పినట్టు వింటుంది. ఈ లోహం వినదు. జింకు పోయి రాగి మొనకు అంటుకుంటుంది, ఎర్రటి మొన ఇత్తడిలా పచ్చబడుతుంది, అణిగి వెడల్పవుతుంది, అప్పుడు వేడి ఒక్కచోట నిలవదు, మచ్చ పడుతుంది గానీ లోపల అతకదు. అందుకే నలభై డబ్బాలకు ఒకసారి మొనను ఆకురాయితో రాసి మళ్లీ ఎర్రగా చేయాలి. ఒక డబ్బా తీసి రేకును పట్టకారుతో చింపి చూడాలి. బాగా అతికి ఉంటే రేకు చిరిగిపోతుంది గానీ ఊడదు, గుండీ అంత ముక్క డబ్బాకే మిగిలిపోతుంది. అతకకపోతే ఏమీ మిగలదు.

ఇదంతా నేర్పింది మల్లక్క. నాలుగేళ్లుగా ఇక్కడ పని చేస్తోంది, చదువు లేదు, మొన రంగు చూసి ఎన్ని డబ్బాలయ్యాయో చెప్పగలదు. మొదటి రోజు నా చేతిలో పట్టకారు పెట్టి, "పైకి చూస్తే అన్నీ ఒక్కతీరుగనే ఉంటయే పిల్లా. చింపితేనే ఎరుక. చింపిందేమో పనికి రాదు, పనికొచ్చేదేమో చింపరాదు. గిదే ఈ పనిల ఉన్న తిప్పలు" అన్నది. నేను ఆ మాటను డైరీలో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను. గీత గీసి ఏం లాభం.

మంగళవారం మల్లక్క రాలేదు, మనవడికి జ్వరం. మూడో నలభై మొదలుపెట్టేటప్పుడు చూస్తే మొన పచ్చబడి ఉంది. ఆకురాయి నా మిషను మీద లేదు. రమాకాంత్ తీసుకుపోయాడు, లేతు మిషను దగ్గర. అక్కడ నలుగురు మగవాళ్లు నిలబడి ఏదో మాట్లాడుతున్నారు. అంతకు ముందు వారం నేను గ్లౌజులు అడగడానికి పోతే రమాకాంత్ అందరి ముందు, "ఏం మేడం, మీ మిషను టకటక మాట్లాడతది గని మీరు మాట్లాడరు గదా. రోజుకు ఎన్ని మాటలు కోటా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. అందరినీ అలాగే అంటాడు, అన్న తర్వాత గ్లౌజులు కొత్తవి వెతికి ఇచ్చాడు. కానీ నాకు చెవులు కాలిపోయాయి, ఆ రోజంతా కాలుతూనే ఉన్నాయి. మంగళవారం లేచాను. లేతు వైపు పది అడుగులు వేశాను. వాళ్లు నవ్వారు, నన్ను చూసి కాదు, వాళ్లలో వాళ్లే ఏదో అనుకుని. నేను నీళ్ల డ్రమ్ము దగ్గర ఆగి, దాహం లేకుండానే ఒక గ్లాసు నీళ్లు తాగి, వెనక్కి వచ్చి కూర్చున్నాను. అంతే జరిగింది. ఒక గ్లాసు నీళ్లు. తర్వాత కరెంటు మీట కొంచెం పెంచాను, రవ్వలు చిమ్మాయి, చప్పుడు పెద్దగా వచ్చింది, చప్పుడు పెద్దగా వస్తోంది కాబట్టి గట్టిగానే అతుకుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. చింపి చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది, తెలిస్తే పోయి అడగాలి. సాయంత్రానికి ఇరవై రెండు అట్టపెట్టెలు, పెట్టెకు పది డబ్బాలు. సదానందమన్న, మా సూపర్‌వైజరు, "శబాష్ తిరుమలా, మల్లక్క లేకున్నా గుంజినవ్" అన్నాడు. నేను తల వంచుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నాడు.

ఒంటిగంటా ఇరవై ఐదు. మల్లక్క అన్నం గిన్నె పట్టుకుని ఇటే వస్తోంది.

"ఏందే, గీడ కూసున్నవ్? తినవా? చింతకాయ తొక్కు తెచ్చిన."

"ఆకలి లేదక్కా."

"ఎవడన్న ఏమన్నడా? పేరు చెప్పు, వాని ఈపు చీరుస్త."

తల అడ్డంగా ఊపాను. మల్లక్క నా ముఖం కాసేపు చూసింది. సెలవు అడగడానికి భయపడుతున్నాననుకుని, "సారేం పులి గాదే, సుగరున్న మనిషి. అడుగు" అని నా తల మీద చెయ్యి వేసి పోయింది. మల్లక్కకైనా చెప్పొచ్చు. మల్లక్కకు చెబితే ఆమే పోయి చెబుతుంది, నా బదులు ఆమె గొంతు. పిలుద్దామనుకున్నాను. మూల తిరిగిపోయింది.

బుధవారం నేను ఇక్కడ లేను. చిన్నబాపు సంవత్సరీకం. ఊరికి పోయాను. రాయమల్లు చిన్నబాపు, మా బాపు తమ్ముడు, పోయిన వానాకాలం మోటరు పెట్టబోయి స్టార్టర్ డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నన్ను ఐటీఐలో చేర్పించింది ఆయనే. ఆడపిల్లకు వెల్డింగేందిరా అని ఊరంతా నవ్వితే, ఆయన నన్ను బండి మీద ఎక్కించుకుని వరంగల్ తెచ్చి, ఫారం నింపే చోట నేను గుమాస్తాకు పేరు చెప్పలేక నిలబడితే, నా బదులు గట్టిగా చెప్పాడు. ఆయన పోయినప్పుడు అందరూ ఒకటే మాట అన్నారు, తడి చేతులతో ముట్టుకున్నాడు, పైగా కల్లు తాగి ఉన్నాడు అని. ఆయన భార్య, మా మొగిలమ్మ చిన్నమ్మ, శవం మీద పడి ఏడుస్తూ అదే అన్నది, ఎన్నిసార్లు చెప్పిన నీకు, ఎన్నిసార్లు చెప్పిన అని కొట్టింది ఆయన ఛాతీ మీద. ఆ రోజు డైరీలో నేనూ రాశాను, చిన్నబాపు అజాగ్రత్త వల్ల పోయాడు అని. చక్కటి దస్తూరితో రాశాను.

సంవత్సరీకానికి పోయినప్పుడు వంటకు కట్టెలు తేవడానికి బర్ల కొట్టంలోకి పోతే ఆ డబ్బా కనబడింది. చిన్నమ్మ దాన్ని పారేయలేదు. మా ఇళ్లలో గట్టి వస్తువును ఎవరూ పారేయరు. బీరగింజలు పోసి అటక మీద పెట్టుకుంది. గింజలను కొంగులో పోసుకుని డబ్బాను వెలుతురులోకి తెచ్చాను, ఎందుకు తెచ్చానో తెలియదు, చేతులకు అలవాటైన వస్తువు కాబట్టి కావచ్చు. ఎవరు చేసిందో, పేరు ఎప్పుడో చెరిగిపోయింది. లోపలి మూలన రెండు గుండ్రటి మచ్చలు. నునుపుగా. గుండీ లేదు, చిల్లు లేదు, గోకినట్టు కూడా లేదు. అక్కడ ఉండాల్సిన రేకు ఎర్తింగు వైరు కొసకే తగులుకుని అటక మీద పడి ఉంది. రేకు వైరును వదల్లేదు, డబ్బానే వదిలేసింది. ఎవరో ఎక్కడో ఒక షెడ్డులో పచ్చబడిన మొనను చూసి, లేచి, మళ్లీ కూర్చున్నారు. చిన్నబాపు చేతులు పొడిగా ఉన్నా పోయేవాడేమో. కల్లు తాగకపోయినా పోయేవాడేమో. ఏడాది పొడుగునా ఆయన్నే తిట్టాము, పిండం పెడుతూ కూడా తిట్టాము.

చిన్నమ్మకు చెప్పలేదు. చెబితే ఏమవుతుంది, ఆమె ఏడాదిగా తిట్టిన తిట్లన్నీ ఆమె మీదే పడతాయి. ఇప్పుడు ఆమే మోటరు పెడుతుంది, ఎండు కట్టెతో దూరం నుంచి బటను నొక్కుతుంది, నొక్కే ముందు కళ్లు మూసుకుంటుంది. బస్సెక్కేటప్పుడు నా సంచిలో సకినాలు పెట్టి అన్నది, "మీ కంపెనీ డబ్బా ఒకటి నాకు పంపియ్యి బిడ్డా. నువ్వు అతికిచ్చిందైతే నాకు ఫికరుండది." సరే చిన్నమ్మా అన్నాను. బస్సు నర్సంపేట దాటే దాకా పొలాల్లో నాట్లు వేస్తున్నారు, గట్ల మీద కర్రలకు కట్టిన స్టార్టర్ డబ్బాలు, ఒక్కో పొలానికి ఒక్కోటి. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను.

నిన్నంతా నోరు విప్పలేదు. గురువారం. మొత్తం ఒక రోజు. సదానందమన్న నా పక్కనుంచి ఏడెనిమిది సార్లు పోయాడు, ప్రతిసారీ ఇప్పుడు చెబుతాననుకున్నాను. డైరీలో ఒక పేజీ రాసి చింపి, ఆయన టేబులు మీద పెడదామని మడిచి పెట్టుకున్నాను, చెమటకు అక్షరాలు అలికిపోయాయి. ఏమవుతుందోనని కూడా అనుకున్నాను, దాచుకోను, నా గురించే అనుకున్నాను. అప్రెంటిస్ సర్టిఫికెట్ ఇవ్వరు. బాపు హాస్టలు నుంచి తీసుకుపోతాడు. పత్తి ఏరుకుంటూ బతకొచ్చు, ఎవరితో మాట్లాడనక్కర లేదు. ఒక్క నిమిషం అది కూడా హాయిగా అనిపించింది. ఈ పొద్దున అందరికంటే ముందు వచ్చి ఆ పెట్టెల్లోంచి ఒకటి తీసి పట్టకారుతో పట్టాను. లాగనే లేదు. తిప్పాను అంతే, నుదుటి స్టిక్కరులా ఊడివచ్చింది.

హారను. ట్రాలీ ఆటో. ఇంకా పావుగంట ఉంది గదా, ముందే వచ్చాడు. సదానందమన్న చెయ్యి కడుక్కుంటూనే గేటు తీశాడు, రమాకాంత్, ఇంకొకాయన పెట్టెలు అందుకుంటున్నారు, వానకు తడవకుండా పైన పట్టా, ఒకటి, రెండు, మూడు. నేను లేచాను. కాళ్లు లేచాయి. "అన్నా" అన్నాను, నాకే వినబడలేదు, వాన చప్పుడు. తొమ్మిది, పది. పెట్టెలు ఎంత జాగ్రత్తగా పెడుతున్నారో, పగలకుండా. పదహారు. సారు కారు రానే వచ్చింది, వాకిట్లోనే ఆగింది, ఆయన రుమాలు నెత్తిన వేసుకుని ఉరుకుతూ లోపలికి వచ్చి నన్ను చూసి, "ఏం బిడ్డా? జీతమా, సెలవా?" అన్నారు. వెంకట్రాజం సారు అందరినీ బిడ్డా అంటారు. ఆరు మాటలు. ఒక్కటీ లేదు. చున్నీ తీసి డబ్బాను ఆయన చేతుల్లో పెట్టాను, ఊడిన రేకును దాని మీద పెట్టాను.

"ఏందిది? పగిలిందా?"

"అతకలే సార్." గొంతు నాది కాదు, ఎవరిదో చిన్నపిల్లది. "మంగళారం నేను మొన రాయలే. చింపి సూడలే. అన్నీ గిట్లనే ఉంటయి సార్."

సదానందమన్న పరుగెత్తుకొచ్చాడు. "ఒక్కటి పోతే అన్నీ పోతయా సార్? బెదిరిపోయినట్టుంది పిల్ల." ట్రాలీలోంచి ఒక పెట్టె దింపి, ఒక డబ్బా తీసి, పట్టకారుతో రేకును పట్టి లాగాడు. రాలేదు. కాలు అదిమి లాగాడు. చిరిగింది, గుండీ మిగిలింది, గట్టిగా, బంగారంలాంటి అతుకు. అందరూ ఊపిరి వదిలారు. రమాకాంత్ నవ్వాడు. సారు నా భుజం తట్టి, "సూసినవా? ఉత్త ఫికర్ పెట్టుకున్నవ్. పో, అన్నం తిను" అన్నారు. ఎంత మెత్తగా అన్నారంటే, తలూపి వెళ్లిపోతే చాలు, అంతా అయిపోతుంది, నేను చెప్పాను గదా, చెప్పాను, వాళ్లే వినలేదు, ఇక నా తప్పు కాదు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చి కాసేపు కూర్చుంది కూడా.

"అది మొదటి పెట్టె సార్. మొదటి ఎనభై మంచియే. ఆఖరు పెట్టెలు తియ్యుండ్రి."

మల్లక్క తీసింది. ఎవరినీ అడగలేదు, పట్టా ఎత్తి, అందరికంటే ముందు ఎక్కి అడుగున పడ్డదాన్ని లాగి, డబ్బా మీద డబ్బా నా చేతికి ఇచ్చింది. మొదటిది ఊడింది. రెండోది ఊడింది. మూడోది పట్టకారు కూడా అక్కర లేకుండా గోటితో. నాలుగు, ఐదు. నేల మీద రేకులు పడుతుంటే ఒకే చప్పుడు. సారు ఇక చాలన్నారు. పెట్టెలన్నీ దింపమన్నారు. నన్ను తిట్టలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

మల్లక్కే లెక్క చూసింది. "ఇరవై రెండుండాలె. ఇరవైయే ఉన్నయేంది?"

సదానందమన్న ముఖంలో రక్తం లేదు. "బుధారం తొర్రూరుకు రెండు పెట్టెలు పోయినయి సార్. అర్జెంటని షాపాయన ఫోన్ చేసిండు గదా. పైవే ఇచ్చి పంపిన."

పైవి. అంటే ఆఖరువి. బుధవారం, నేను అటక కింద బీరగింజలు కొంగులో పోసుకున్న పొద్దు. అప్పటికి నాకు తెలుసు. నేను ఆకురాయి అడగలేదు, ఆ తర్వాత ఒక రోజంతా నోరు విప్పలేదు. సారు షాపాయనకు ఫోను చేశారు. ఇరవైలో పద్నాలుగు షాపులోనే ఉన్నాయట, ఆరు అమ్ముడుపోయాయి, నాట్ల సమయం. వారంటీ కార్డుల మీద కొన్నవాళ్ల ఫోను నంబర్లు ఉన్నాయి. ఆయన చెబుతుంటే సారు అట్టపెట్టె ముక్క మీద ఆరు నంబర్లు రాశారు. రాసి సదానందమన్న వైపు చూశారు.

"ఏమని చెప్పాలె సార్?" అన్నాడు సదానందమన్న.

నేను చెయ్యి చాచి అట్టముక్క, సారు ఫోను తీసుకున్నాను.

మొదటాయన పెట్టె ఇంకా విప్పలేదన్నాడు. రెండో ఆయన నన్ను బూతులు తిట్టాడు, తిట్టి డబ్బా ముట్టనన్నాడు. మూడు, నాలుగు, ఐదు. అన్నీ ఒకటే మాట, అమ్మా, అయ్యా, కొత్త స్టార్టర్ డబ్బాను ముట్టుకోకుండ్రి, మెయిను బందు పెట్టుండ్రి. ఎలా వస్తున్నాయో తెలియదు, వస్తున్నాయి. ఆరోది రింగై రింగై ఆగిపోయింది. మళ్లీ చేశాను. మూడోసారి ఒకామె ఎత్తింది.

"ఎవలు? మా ఆయన లేడమ్మా. డబ్బానా? ఆఁ, మంచిగుంది, నిన్ననే పెట్టించిండు. మడి నిండిందని మోటరు బందు చేయపోయిండు, గిప్పుడే."

"అమ్మా, ఉరుకు. ఆయన్ను ముట్టనియ్యకు. డబ్బాను ముట్టనియ్యకు, అమ్మా, ఉరుకు!"

షెడ్డంతా నా అరుపే. ఫోను ఎక్కడో గట్టి నేల మీద పడ్డ చప్పుడు. అడుగుల చప్పుడు, బురదలో. ఆమె పిలుస్తోంది, ఓయ్, ఓయ్ ఇనవడ్తాందా అని, ఆ గొంతు పొలం వైపు దూరమవుతోంది. సారు ఏమైందని అడుగుతున్నారు. నేను ఫోను చెవికి అదిమి పట్టుకుని వింటున్నాను.